మా అన్న పంపిన ఈగ

మా అన్న సదానందం నాకు పంపిన ఆఖరి ఫోటో ఇంకా నా ఫోనులో ఉంది. తెల్లటి బట్ట మీద వాలిన ఒక ఈగ. బూడిదరంగు వీపు మీద మూడు నల్లచారలు, ఎర్రటి కళ్లు, పొట్ట మీద నలుపూ తెలుపూ గళ్లు. ఫోటో కింద ఎప్పటిలాగే ఒక్క మాట: "ఎన్ని?"

అది ఆగస్టులో ఒక ఆదివారం, రాఖీ పున్నమి మరునాడు. కరీంనగర్‌లో మా ఇంట్లో టిఫిన్ తింటున్నాను. ఎడమచేత్తో ఫోటోను పెద్దది చేసి చూసి, "నాలుగు" అని పంపాను. కాసేపటికి "శభాష్" అని జవాబొచ్చింది. ఫోను పక్కన పెట్టి ఇంకొంచెం చట్నీ వేసుకున్నాను.

ఆ తెల్లటి బట్ట మా అన్న ఎడమకాలి పుండుకు కట్టుకున్న కట్టు. ఈగ వాలింది ఆయన పాదం మీద. ఆ పాదంలో మొదలైన విషమే పందొమ్మిది రోజుల తర్వాత ఆయన ప్రాణం తీసింది. నేను ఈగ వెంట్రుకలు లెక్కపెట్టాను గానీ అది ఎక్కడ కూర్చుందో చూడలేదు.

ముప్ఫై ఏళ్లు పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పిన మనిషివి, అన్న పంపిన ఫోటోలో అన్న కాలును ఎట్లా గుర్తుపట్టలేదని నన్నెవరూ అడగలేదు. అడగరు కూడా. నేనే చెప్పుకోవాలి. అందుకు ముందు ఈగల సంగతి చెప్పాలి. ఈగల కంటే ముందు మగ్గం సంగతి.

మా బాపు గుండయ్య జంపఖానాలు నేసేవాడు. పెళ్లిళ్లలో, మీటింగుల్లో జనం కూర్చోవడానికి పరిచే చారల జంపఖానాలు. ఇల్లు వరంగల్ మట్టెవాడలో, మగ్గం కొత్తవాడలో ఒక రేకుల షెడ్డులో. నలభై దాటేసరికి బాపుకు చూపు తగ్గింది. పడుగు పోగులు సరిచూసే పని మా ఇద్దరి మీద పడింది. అన్నకు పద్నాలుగు, నాకు ఎనిమిది. మగ్గానికి అటొకరం ఇటొకరం కూర్చొని లెక్కపెట్టేవాళ్లం. అంకె పైకి చెప్పకూడదు. చివర ఇద్దరి లెక్కా కలవాలి, కలవకపోతే మళ్లీ మొదటి నుంచి. నాకు ఆటకు పోవాలనే తొందర. అన్న పెదాల కదలిక చూసి ఆయన అంకే నేనూ చెప్పేదాన్ని. ఆయన కనిపెట్టేవాడు. బాపుకు మాత్రం చెప్పేవాడు కాదు. తర్వాత బయటికి వచ్చాక నా జడ పట్టి గుంజి, "నువ్వు సూసింది చెప్పు పిల్లా, నేను సూసింది చెప్పకు" అనేవాడు.

జంపఖానా కొనేవాడు చార చూస్తాడు, నేసేవాడు పోగు చూడాలి అని బాపు ఎప్పుడూ అనేవాడు. చార ఎంత ముచ్చటగా ఉన్నా లోపల ఒక్క పోగు తప్పితే మూడు నెలల్లో అక్కడే చిరుగుతుంది. ఆ చూపు అన్నకు వచ్చినట్టు నాకు రాలేదు. నాకు చారలే నచ్చేవి.

బాపు పోయాక, జంపఖానాలకు గిరాకీ పడిపోయాక, ఇరవై ఆరో ఏట అన్న హన్మకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరాడు. జువాలజీ ల్యాబులో అటెండరు. ఇంటర్ తప్పిన మనిషికి అంతకంటే ఏం దొరుకుతుంది? సీసాల్లో మందునీళ్లు మార్చడం, గాజుపలకలు కడగడం, ప్రాక్టికల్స్ నాడు పిల్లలకు కప్పలు అందించడం. నేను అప్పటికి డిగ్రీ చదువుతున్నాను. తర్వాత టీచరు ఉద్యోగం వచ్చి కరీంనగర్ వెళ్లాను. స్టాఫ్ రూములో మీ అన్న ఏం చేస్తారని అడిగితే "కాలేజీలో పనిచేస్తాడు" అని ఊరుకునేదాన్ని. వాళ్లు లెక్చరరు అనుకునేవాళ్లు. అనుకోనిచ్చాను. ఒకసారి మా స్కూలు వార్షికోత్సవానికి అన్న వస్తే మా హెడ్మాస్టరు "ఏం సబ్జెక్టండీ?" అని అడిగాడు. అన్న నా వైపు ఒకసారి చూసి, "ఈగలు సార్" అన్నాడు. హెడ్మాస్టరు పరిశోధన అనుకొని చాలా మర్యాద చేశాడు. ఆయన ఆడింది అబద్ధం కాదు, నేను దాచిందీ బయటపడలేదు. తిరిగి వచ్చే దారిలో ఆయన ఆ సంగతి ఎత్తనూ లేదు.

ఈగలు నిజంగానే ఆయన సబ్జెక్టు. ఆ కాలేజీలో హరికృష్ణ గారని ఒక లెక్చరరు ఉండేవారు. చచ్చిన జంతువుల మీద వాలే ఈగల మీద పరిశోధన చేసేవారు. ఏ ఈగ ఎప్పుడు వాలుతుందో తెలిస్తే శవం ఎన్ని రోజులదో చెప్పవచ్చట. ఒకరోజు ఆయన మైక్రోస్కోపులో కళ్లు పెట్టి ఒక ఈగ రెక్క మొదట్లో ఉన్న ముండ్ల వెంట్రుకలు లెక్కపెడుతూ, రెండా నాలుగా అని తేల్చుకోలేక, పక్కనే పలకలు తుడుస్తున్న అన్నను సరదాగా పిలిచి చూడమన్నారు. అన్న ఒక కన్ను మూసి చూశాడు. "పెద్దయి రెండు, వాటి నడుమ సన్నయి రెండు. మొత్తం నాలుగు సార్" అన్నాడు. ఆ సన్నవి కనిపించడానికి హరికృష్ణ గారికి ఇంకో అద్దం మార్చాల్సి వచ్చింది. మార్చి చూసి, ఆ రోజు నుంచి అన్నకు పక్కన ఒక స్టూలు వేయించారు.

నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. మాంసం మీద వాలి, గుడ్లకు బదులు నేరుగా బతికున్న పురుగులనే పెట్టే ఈగలున్నాయి. మాంసపు ఈగలంటారు. చూడ్డానికి ఇంటి ఈగకు పెద్దన్నలా ఉంటాయి. ఇంటి ఈగ వీపు మీదా చారలుంటాయి కాబట్టి చారలను నమ్మకూడదు. రెక్క మొదలుకు కొంచెం ముందు, పక్కవైపు, ఆవగింజలో పావువంతు ఉండే మూడు మూలల చోటు ఒకటి ఉంటుంది. అక్కడ నాలుగు ముండ్లుంటే మాంసపు ఈగ. రెండే ఉంటే పచ్చగా మెరిసే ఈగల తెగదో, ఇంకేదో. ఆ తర్వాత వీపు మీద వరసగా ఉండే ముండ్లు లెక్కపెట్టాలి. దానితో ఇంకో మెట్టు దిగవచ్చు. అసలు పేరు తేలాలంటే మగ ఈగను చంపి తోక భాగం విప్పి చూడాలి, ఫోటోలో అది కుదరదు. కుదరని చోట ఆగిపోవాలి. ఆగడమే ఈ విద్యలో కష్టమని అన్న అనేవాడు.

హరికృష్ణ గారు ఆరేళ్ల తర్వాత వేరే ఊరు వెళ్లిపోతూ బొమ్మలున్న పాత పుస్తకం ఒకటి అన్నకు ఇచ్చిపోయారు. అందులో ఇంగ్లీషు అన్నకు రాదు. బొమ్మలన్నీ కంఠస్థం. నన్ను చదివి చెప్పమని రెండుమూడుసార్లు అడిగాడు. మొదటి పేజీ చెప్పాను. అవి నాకూ తెలియని మాటలే. సెలవుల్లో కూర్చుందామన్నాను. ఎన్నో సెలవులు వచ్చి పోయాయి.

రిటైరయ్యాక కూతురు దీప్తి ఒక మంచి ఫోను కొనిచ్చింది. కెమెరాకు తగిలించే చిన్న అద్దం కూడా తెచ్చింది. ఎవరైనా తాము చూసిన పురుగు ఫోటో పెట్టి పేరు అడిగే వెబ్‌సైటు ఒకటి ఉందని చూపించింది కూడా ఆ పిల్లే. ఒకరు పేరు చెప్తే, తెలిసిన ఇంకొకరు ఒప్పుకోవాలి. అప్పుడే పేరు ఖాయమవుతుంది. మగ్గానికి అటొకరు ఇటొకరు కూర్చున్నట్టే అని అన్న సంబరపడ్డాడు. ఏడాదిలో ఆయన్ని ఎక్కడెక్కడివాళ్లో అడగడం మొదలుపెట్టారు. అందరికీ ఆయన రాసే మాటలు రెండే. నేనే నేర్పాను. ఒకటి, "సైడ్ ఫోటో ప్లీజ్." రెండోది, "వేర్ సిట్టింగ్?" పైనుంచి తీసిన ఫోటోలో ముండ్లు కనిపించవు, పక్క నుంచి తీయాలి. ఇక ఈగ ఎక్కడ కూర్చుందో రాయకపోతే సగం సంగతి పోయినట్టే. రాయి మీదా, ఆకు మీదా, చచ్చిన ఎలుక మీదా? ఒక డాక్టరు ఇది ఫలానా ఈగేనని నాలుగు రోజులు వాదించాడట. అన్న ప్రతిసారీ "సైడ్ ఫోటో ప్లీజ్" అనే రాశాడు. చివరికి పక్క ఫోటో వచ్చింది. ముండ్లు రెండే ఉన్నాయి. "ఏమన్నాడన్నా?" అంటే, "ఏమంటడు, థాంక్స్ అన్నడు. నేను గూడ థాంక్స్ అన్న" అన్నాడు.

ఇంట్లో మాత్రం యుద్ధం. మా వదిన అనసూయకు ఈగ అంటే అసహ్యం. అన్న మేడ మీద చిప్పలో చేప తలకాయ పెట్టి, పక్కన జంపఖానా నూలుతో నేసిన తెల్లటి బట్టముక్క పరిచి, గంటలకొద్దీ కూర్చునేవాడు. చేప మీద తిన్న ఈగ బట్ట మీద వాలి కాళ్లు రుద్దుకునేటప్పుడు ఫోటో. తెలుపు మీద నల్ల ముండ్లు స్పష్టంగా కనబడతాయి. అందుకే ఆయన ఫోటోల్లో ఎప్పుడూ ఆ బట్టే ఉండేది. వాసనకు పక్కింటి గట్టయ్య గోడ మీదుగా తొంగిచూసేవాడు.

"ఏందే సదన్నా, మాకైతే చాయ్ పొయ్యవ్. ఈగలకు చేపకూర దావతా?"

"నువ్వు గూడ రారాదూ. ఫోటో తీస్త."

"నాకెన్ని ముండ్లున్నయో లెక్కపెడ్తవా?"

"ఎందుకు, నీకు నాలుక మీదనే ఉంటయని మట్టెవాడంత ఎరుకే గద."

వదిన కిందినుంచి, లోకమంతా ఈగలను కొడుతుంటే ఈ ఇంట్లో మాత్రం పిలిచి పీట వేస్తారని అరిచేది. చివరికి చేప చిప్ప మేడ దిగిపోయింది. అన్న తెల్లవారుతూనే ఖిలా వరంగల్ వెళ్లడం మొదలుపెట్టాడు. పొద్దుటెండ పడ్డ రాళ్ల మీద మగ ఈగలు వచ్చి కాపు కాస్తాయట, ఆడవాటి కోసం. పడిపోయిన శిల్పాల మధ్య బట్టముక్క జేబులో పెట్టుకొని తిరిగేవాడు. టూరిస్టులు తోరణాల ఫోటో తీసుకుంటుంటే ఈయన ఆ పక్కనే నేల మీద మోకాళ్ల మీద ఉండేవాడు.

నాతో ఆట అప్పుడు మొదలైంది. ప్రతి ఆదివారం ఒక ఈగను పంపి "ఎన్ని?" అని అడిగేవాడు. నాకు ఈగల మీద ఆసక్తి లేదు. మా ఆయన పోయాక ఆదివారాలు మరీ పొడుగైపోయాయి, దానికోసం నేర్చుకున్నాను. మొదటి ఏడాది అంకె పంపగానే ఫోను చేసేవాడు. తప్పైతే ఎక్కడ తప్పిందో చెప్పి, అక్కడి నుంచి బాపు ముచ్చట్లు, మగ్గం ముచ్చట్లు, వదిన వంట దాకా పోయేవాళ్లం. తర్వాత నేను రాతలో పడ్డాను. సాహిత్య సభలు, వ్యాసాలు, ముందుమాటలు. ఫోను వస్తే "తర్వాత చేస్తానన్నా" అనేదాన్ని. ఆయన ఫోను చేయడం తగ్గించాడు. చివరికి అంకెలే మిగిలాయి. వారానికి ఒక అంకె వస్తే అన్న బాగున్నాడు, నేను ఒక అంకె పంపితే చెల్లె బాగుంది. అంతే మా మాటలు.

కిందటేడు జులై ఆఖర్లో దీప్తికి రెండో కాన్పు. మొదటిది పుట్టింట్లో అయింది కాబట్టి రెండోది అత్తగారింట్లో. సాయానికి వదిన సిరిసిల్ల వెళ్లింది. అన్న ఒంటరిగా ఉన్నాడని నాకు తెలుసు. షుగరుందని తెలుసు. పదిహేనేళ్ల షుగరు, అరికాళ్లకు స్పర్శ లేదని కూడా తెలుసు. తెలిసి, ఎప్పుడూ వెళ్లే దాన్ని ఆ రాఖీ పున్నమికి వెళ్లలేదు. ఆ రోజు కరీంనగర్‌లో సభ. నాది పత్రసమర్పణ. రాఖీ కవరులో పెట్టి పోస్టులో పంపాను. పత్రం ఎవరికీ గుర్తులేదు, నాతో సహా.

వదిన వెళ్లిన నాలుగో రోజున దెబ్బ తగిలిందని తర్వాత ఆయనే చెప్పాడు. కోటలో ఒక రాయి మీద వీపు ముండ్లు మామూలుగా లేని ఈగ కనిపించింది. చెప్పుల చప్పుడుకు లేచిపోతుందని చెప్పులు విప్పి వెంటపడ్డాడు. రాయి మీది నుంచి రాయి మీదికి గంటసేపు. ఏదో పలుగురాయి మడమలో దిగింది. నొప్పి తెలియలేదు. గేటు దగ్గర చాయ్ అమ్మే ఆమె "నెత్తురు గారుతాంది సూస్కో" అనేదాకా నడుస్తూనే ఉన్నాడు. ఇంటికొచ్చి పసుపు పెట్టి కట్టు కట్టుకున్నాడు. వదినకు చెప్తే బాలింతను వదిలి పరుగెత్తుకొస్తుంది. ఆమె వచ్చేసరికి మానుతుందిలే అనుకున్నాడు.

మానలేదు. రెండు వారాలకు ఈగలు రావడం మొదలైంది. చేప తలకాయ పెట్టి పిలవనక్కరలేదు. అవే వచ్చాయి.

రాఖీ పున్నమి మరునాడు ఆ ఫోటో వచ్చింది. నేను "నాలుగు" అన్నాను. తర్వాతి ఆదివారం ఫోటో రాలేదు. నేను గమనించాను. వచ్చే వారం రెండు పంపుతాడులే అనుకున్నాను.

గట్టయ్య పసిగట్టాడు. మూడు రోజులు మనిషి గడప దాటకపోతే, ఇల్లు వాసన వస్తుంటే, మళ్లీ చేప తలకాయ పెట్టాడనుకొని తిట్టడానికి లోపలికి పోయాడట. చూసి, తిట్టడం మరిచిపోయి వదినకు ఫోను చేసి, ఆటోలో దవాఖానకు తీసుకుపోయాడు. నేను మధ్యాహ్నం బస్సులో దిగాను.

నేను వెళ్లేసరికి సిస్టరు కాలు కడుగుతోంది. పురుగులను చిమటాతో ఒక్కొక్కటే తీసి ట్రేలో వేస్తోంది. అన్నకు నొప్పి లేదు. తల ఎత్తి ట్రేలోకి చూస్తున్నాడు.

"సిస్టరమ్మా, జర రెండు బతికున్నయి సీసల ఏసి పెట్టుండ్లి."

ఆమె ఆగి, ఎందుకని అడిగింది.

"ఈగలైనంక సూడాలె, ఏ రకమో."

వదిన అప్పుడే సిరిసిల్ల నుంచి వచ్చి, చేతిలో సంచి ఇంకా దించలేదు. "కాలు తీసెయ్యాలంటాండ్లు. గిప్పుడు గూడ ఈగల ముచ్చటేనా నీకు?" అంది.

"కాలు పోయేదుంటె పోతది అనసూయా. తిన్నదాని పేరన్న తెల్వాలె గద."

సిస్టరు మాస్కు లోపల నవ్వింది. వదిన సంచి కింద పడేసి గోడవైపు తిరిగింది. అన్న కుడిచేతికి నేను పోస్టులో పంపిన రాఖీ ఉంది. ఎవరు కట్టారని అడిగాను. తనే కట్టుకున్నాడట. నేతగాళ్లకు తెగిన పోగును ఒంటిచేత్తో ముడివేయడం వస్తుంది. చిన్న ముడి, చూస్తే కనిపించదు. అది ఆ ముడే.

వదిన మందులకు వెళ్లాక మంచం పక్కన కూర్చున్నాను.

"ఎందుకు చెప్పలేదన్నా? ఒక్క ఫోను కొడితే రాకపోదునా?"

ఆయన నా వైపు తిరిగాడు. "పంపిన గద పిల్లా."

"ఏం పంపినవ్?"

"ఫోటో."

నాకు అర్థం కాలేదు. ఫోను తీసి చూశాను. తెల్లటి బట్ట మీద ఈగ. ఆ బట్ట అంచున, ఫోటో మూలన, చిటికెన వేలు కొసంత గోధుమరంగు కనిపించింది. చర్మం. అప్పుడు తెలిసింది.

"నువ్వు నాలుగన్నవ్" అన్నాడు. కోపంగా అనలేదు. నిష్ఠూరంగానూ అనలేదు. ఎప్పటిదో బడి ముచ్చట గుర్తుచేసినట్టు అన్నాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు.

నేను తప్పైందని అనలేదు. మా ఇళ్లల్లో అన్నాచెల్లెళ్లు అట్లా మాట్లాడుకోరు, బత్తాయి ఒలిచి చేతిలో పెడతారు. ఒలిచాను. ఆయన తినలేకపోయాడు. రేపు నిమ్మళంగా మాట్లాడదాం అనుకున్నాను. మరునాటికి జ్వరం ఎక్కి, మాట పడిపోయింది. మోకాలి కింద తీసేయాలని డాక్టర్లు అన్నారు. తీయడానికి కూడా ఒంట్లో సత్తువ రావాలన్నారు. రాలేదు. తొమ్మిదో రోజు తెల్లవారి పోయాడు. సీసాలోని పురుగులను ఆ సందడిలో ఎవరో పారేశారు. వాటి పేరు తేలలేదు.

పదోనాటి కర్మ అయ్యాక దీప్తి పసిపాపను ఎత్తుకొని నా దగ్గరికి వచ్చి వాళ్ల నాన్న ఫోను నా చేతిలో పెట్టింది. "అత్తమ్మా, డాడీ ఫోన్ల అన్నీ ఈగలే. మాకెవలికి అర్థం గావు. నువ్వే ఉంచుకో" అంది. మేడ మీదికి తీసుకుపోయి కూర్చున్నాను. చేప చిప్ప పెట్టిన చోట గుండ్రటి మరక ఇంకా ఉంది.

వెబ్‌సైటు తెరిచాను. అంతవరకు నేనెప్పుడూ దాన్ని తెరిచి చూడలేదు. నా దగ్గరికి వచ్చే ఫోటోయే నాకు చాలనుకున్నాను. ఆయన చివరగా పెట్టింది అదే ఈగ. పొద్దున ఎనిమిదింటికి పెట్టాడు. నాకు పంపింది తొమ్మిదింటికి. కింద ఆయన ఇంగ్లీషు. "త్రీ సీన్. ఒన్ నాట్ సీన్." మూడు కనిపించాయి, ఒకటి కనిపించలేదు. దాని కింద, ఎక్కడ కూర్చుంది అనే చోట: "మై ఫుట్."

భార్యకు దాచాడు. కూతురికి దాచాడు. అక్కడ మాత్రం దాచలేకపోయాడు. అడిగినచోట అబద్ధం రాయడం ఆయనకు చేతకాదు. దాని కింద కేరళ నుంచి ఎవరో, వెంటనే డాక్టరుకు చూపించండి సార్ అని రాశారు. రెండు రోజుల తర్వాత, ఎలా ఉన్నారు సార్ అని ఇంకోసారి రాశారు. ఏ ఊరో, ఆడో మగో తెలియని ఆ మనిషి చదివింది నేను చదవలేదు.

మూడు అని ఎందుకు రాశాడని ఫోటోను వీలైనంత పెద్దది చేశాను. రెక్క మొదలు ముందు, మూడు మూలల చోట. ఒకటి, రెండు, మూడు. నేను నాలుగోదిగా లెక్కపెట్టింది వంకర తిరిగి ఉంది, కొస దగ్గర తెల్లబడింది. ఈగ వెంట్రుక అట్లా ఉండదు. అది కట్టు బట్ట అంచు నుంచి లేచిన నూలు పోగు, నీడలో నల్లగా కనిపించింది. పదేళ్లు పోగులు లెక్కపెట్టి పెరిగిన దాన్ని, పోగునే గుర్తుపట్టలేదు. నాలుగుండాలి కాబట్టి నాలుగు చూశాను. చిన్నప్పుడు ఆయన పెదాలు చూసి అంకె చెప్పినట్టే.

మూడని ఆయనకు అప్పటికే తెలుసు. తెలిసి "శభాష్" అన్నాడు. నాలుగేళ్లలో నా తప్పును ఆయన వదిలేసింది అదొక్కటే. మిగతా ప్రతిసారీ "మల్ల సూడు" అని వచ్చేది. ఆ రోజు కూడా మళ్లీ చూడమని ఉంటే చూసేదాన్ని. చూస్తే పోగు, పోగు వెంట కట్టు, కట్టు వెంట కాలు కనిపించి ఉండేవి. జ్వరంలో ఓపిక లేక ఊరుకున్నాడా, చెల్లెకు ఈసారి కూడా తీరిక లేదని ఊరుకున్నాడా, లేక చెప్పాలనుకొని సగంలో మానుకున్నాడా, నాకు తెలియదు. కనిపించనిది కనిపించినట్టు రాయకూడదని ఆయనే అనేవాడు. అందుకని రాయను.

కేరళ మనిషికి జవాబు రాద్దామని కూర్చున్నాను. అంతలో వదిన చాయ్ తీసుకొని మేడ ఎక్కింది. మనిషి పది రోజుల్లో సగమైంది. నా చేతిలో ఫోను చూసి గ్లాసు కింద పెట్టింది.

"ఏం సూస్తానవ్?"

దాచాలనుకున్నాను. దాచలేక, ఫోటోను మళ్లీ చిన్నది చేసి ఆమె చేతికిచ్చాను. ఈగలంటే ఆమెకు ఎంత అసహ్యమో తెలుసు. తల తిప్పుకుంటుందనుకున్నాను. ఆమె ఫోను దూరంగా పెట్టుకొని, చత్వారపు కళ్లు చిట్లించి, ఒక్క క్షణం చూసింది.

"కాలు గిట్ల వాచిందా అప్పటికే" అంది. "కట్టు సూడు, ఎంత వదులుగ కట్టుకున్నడో. పసుపు రసి ఊరుతాంది. ఒంటిగ కట్టుకుంటె గట్లనే అయితది."

"వదినా, దీంట్ల ఈగ..."

"ఈగేది?" అంది వదిన.

చూపించాను. ఆమె చూడలేదు. బొటనవేలితో ఆ కట్టు అంచును, లేచిన పోగు ఉన్నచోట, ఫోను అద్దం మీదనే మెల్లగా ఒకసారి అదిమింది, దాన్ని లోపలికి మడిచి సరిచేస్తున్నట్టు.